వాసన లేని గ్యాసు

అడవి అంచున జంతువులు కట్టుకున్న పట్నంలో, సిటీ బస్సులు వదిలే పొగకు చెట్ల ఆకులు కూడా నల్లబడ్డాయి. బస్సుల షెడ్డులో పెద్ద మేస్త్రి ఎద్దు పోలయ్య. అతని భార్య ఆ పొగకే దగ్గి దగ్గి పోయింది. అప్పట్నుంచి మూడేళ్లు తల వంచుకుని ఒకే బస్సు మీద పనిచేశాడు. ఆగిన చోటు నుంచి కదలడానికి బ్యాటరీ, ఆపైన పరుగుకు హైడ్రోజన్ గ్యాసు. పొగ ఉండదు. వెనక గొట్టంలోంచి నీటిచుక్కలు రాలతాయి, అంతే.

బస్సు సిద్ధమైంది. గ్యాసు కారితే మోగే మీటరు ఒక్కటే ఇంకా రాలేదు.

"రేపే ప్రారంభం. సింహరాజుగారు ఎక్కుతారు," అన్నాడు బస్సుల అధికారి నక్క చిదంబరం.

"పదిరోజులు ఆగండి బాబూ. మీటరు రానీయండి."

"ఆలస్యం అమృతం విషం, పోలయ్యా!"

"ఆత్రగాడికి బుద్ధి మట్టు అని కూడా అన్నారు కదండీ."

నక్క నవ్వి, గేటు దగ్గర కాపలా ఉన్న కుక్కను పిలిచాడు. "ఏరా సాంబా, నీ ముక్కును మించిన మీటరుందా లోకంలో?"

సాంబడు తోక ఊపాడు. "ఏరు దాటిపోయిన కుందేలు ఏం తిందో ఇక్కణ్ణుంచే చెబుతానయ్యా!"

"దీనికి వాసనుండదురా," అన్నాడు ఎద్దు. "నీవల్ల కాదని చెప్పు. తప్పేం లేదు."

"నీకు రాదేమో మామా, నాకు రాకపోవడమేంటి?"

నక్క మునగచెట్టు ఎక్కిస్తే దిగేవాడెవడు?

మర్నాడు సాంబడు ప్రతి గొట్టమూ వాసన చూశాడు. ఏమీ తెలియలేదు. తెలియలేదంటే పరువు పోతుందని, "ఎక్కడా కారడం లేదు!" అని అరిచాడు.

రాజుగారు వచ్చేలోపు ఒకసారి చూద్దామని పోలయ్య బస్సు స్టార్టు చేశాడు. బస్సు పైకప్పు మీది గ్యాసు గొట్టం సన్నగా బుస్సుమంది. బిగిద్దామని నిచ్చెనెక్కి తల పెట్టాడు. ఏ నిప్పురవ్వ తగిలిందో, గ్యాసు అప్పటికే అంటుకుని ఉంది. పొగా రంగూ లేని ఆ మంట మిట్టమధ్యాహ్నపు ఎండలో ఎవరి కంటికీ ఆనలేదు.

"దగ్గరికి రాకురా సాంబా!" అదే పోలయ్య ఆఖరి మాట.

"మీటరెందుకు, ముక్కుందన్నది వీడే ప్రభూ," అన్నాడు నక్క, రాజుగారి ముందు కళ్లు తుడుచుకుంటూ.

కొత్త బస్సుకు పట్టా కప్పి మూలకు తోశారు. పాత బస్సులే మళ్లీ రోడ్డెక్కాయి. కొలువు పోయిన సాంబడు షెడ్డు గోడ పక్కన పడుకుని, వచ్చేపోయేవాళ్లతో ఒకటే మాట అంటాడు: "మామ చెప్పమన్నాడు. చేతకాదని చెప్పేసి ఉండాల్సింది."

తెలియదని ఒప్పుకోలేనివాడి గొప్ప, పక్కవాడి ప్రాణం మీదికి తెస్తుంది.