తొలి కుండ ఎవరిది?

అనగనగా ఒక కోట ఊరు. అక్కడి ఎండల సంగతి తలుచుకుంటేనే నాకు నాలుక పిడచకట్టుకుపోతుంది. రోహిణి కార్తెలో కాకులు కూడా నోళ్ళు తెరుచుకుని కూర్చునేవి.

ఆ ఊళ్ళో నూకాలు మంచుమీగడ చేసేది. పాలు మూడోవంతయ్యేదాకా మరగబెట్టి, పటికబెల్లం, ఏలకులు వేసి, మూతగిన్నెలో పోసి, కొండల నుంచి ఊకలో కప్పి తెచ్చిన మంచుగడ్డల మధ్య గడ్డకట్టించేది. అబ్బ, ఏం రుచి! నాలుక మీద పెడితే ప్రాణం లేచొచ్చేది.

రోహిణి మొదటిరోజు ఆ మీగడతో నింపిన తొలి కుండ కోటగోడ కట్టే రాళ్ళ పనివాళ్ళదే. అది తాతలనాటి ఆచారం. ఏడాదంతా వాళ్ళు ఆ రోజు కోసమే ఎదురుచూసేవారు.

ఒక ఏడు, రోహిణి మూడు రోజులుందనగా, రాజుగారి వంటశాల అధికారి దండపాణి వచ్చి ఆమె మంచు, గిన్నెలు అన్నీ లాక్కున్నాడు.

"రాళ్ళు కొట్టేవాళ్ళకు మీగడా? ఇకపై ఇది రాజుగారికే. నేనే చేస్తాను, పో!"

నూకాలుకు ఒళ్ళు మండిపోయింది. "నీ చేతులు పడిపోను! ఎండలో మాడేవాళ్ళ నోటిదగ్గరది లాక్కుంటావా?" అని అరిచింది. భటులు బయటికి గెంటేశారు.

ఆ రోజే దండపాణి పాలగిన్నెను మంచులో పెట్టాడు. పాలు పాలలాగే ఉన్నాయి. రెండోరోజు రెట్టింపు మంచు వేశాడు. జావ అయింది, అంతే. మూడోరోజు ఒక నౌకరు, "ఆవిడ దోసెళ్ళకొద్దీ ఉప్పు వేసేదండీ" అన్నాడు. ఆ మహానుభావుడు ఉప్పు తెచ్చి నేరుగా పాలలో కుమ్మరించాడు!

రాజుగారు ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని థూ అని ఉమ్మేశారు. నూకాలును పిలిపించారు.

"ఉప్పు పాలలో వేస్తారా ఎవరైనా?" అంది నూకాలు, కోపంతో ఊగిపోతూ. "గిన్నె చుట్టూ మంచు, ఆ మంచులో ఉప్పు వేసి, చేతులు పడిపోయేలా తిప్పాలి. అడిగితే చెప్పేదాన్ని. అడగలేదు, లాక్కున్నాడు!"

"సరే, నాకు చేసిపెట్టు."

"చేస్తాను మహారాజా. తొలి కుండ గోడ దగ్గరికి. తమరికి రెండోది."

"రాజు ఆగాలా?" రాజుగారి కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఆగాలి. ఆ గోడ దగ్గరే, గొడుగు, చెప్పులు లేకుండా ఆగి చూడండి."

మర్నాడు, రోహిణి మొదటిరోజున, పంతానికి పోయి రాజుగారు గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. కాసేపటికే అరికాళ్ళు బొబ్బలెక్కాయి, గొంతు ఎండిపోయింది. ఈలోగా తొలి కుండ వచ్చింది. రాళ్ళు మోసే ముసలమ్మ ఒకతె మీగడ నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "హమ్మయ్య" అంది. రాజుగారు ఆమెనే చూస్తూ ఉండిపోయారు.

రెండో కుండ వచ్చింది. మొదటి చెంచా గొంతు దిగాక ఆయన వెనకాలే నిలబడ్డ దండపాణి వైపు తిరిగారు.

"దండపాణీ," అన్నారు, "తొలి కుండ ఎప్పటికీ వీళ్ళదే. రేపటినుంచి ఈ ఎండలోనే గిన్నె తిప్పే పని నీది. ఉప్పు ఎక్కడ వెయ్యాలో ఆవిడనడుగు."

దండపాణి తలవంచుకుని అడిగాడు. నూకాలు ఇంకా మండిపడుతూనే చెప్పింది.

పిల్లలూ, ఎండలో ఒళ్ళు కాల్చుకున్నవాడి తరువాతే చల్లదనం ఎవరికైనా, రాజుకైనా సరే.