ఓబులేసు వేసిన ముడి

మధ్యాహ్నం ఎండలో ఓబులేసు వచ్చి కొట్టు గుమ్మంలో నిలబడ్డాడు. భుజాన పనిసంచి ఉంది, మొహం వాడిపోయి ఉంది.

"ఆ మిషను నడవదు ఉస్తాద్. పాత ఇనుముకు ఇచ్చెయ్యమని ఖాసింబక్కకు చెప్పొచ్చినా."

ఉస్తాద్ దస్తగిరికి జమ్మలమడుగులో కాలిన మోటార్లకు కొత్త తీగ చుట్టే వైండింగు కొట్టు ఉంది. ఆయన మాట పొదుపు మనిషి. ఆయన దగ్గర చేరినవాళ్లంతా మాకేమీ చెప్పలేదనే అంటారు, పని మాత్రం వచ్చేసి ఉంటుంది. వాళ్లలో ఓబులేసు బాగా చేయి తిరిగినవాడు. ఆ సంగతి అందరికంటే ముందు ఓబులేసుకే తెలుసు.

ఖాసింబీది దూది ఏకే మిషను. పాత పరుపుల్లో గడ్డకట్టిన దూదిని ఏకి, మళ్లీ పరుపులు కుట్టి బతుకుతుంది. భర్త పోయాక అద్దె షెడ్డు వదిలేసి మిషనును ఇంటికి తెచ్చుకుంది. షెడ్డులో ఆ మోటారుకు కావాల్సిన మూడు ఫేజుల కరెంటు ఉండేది. ఇంట్లో ఉన్నది లైట్లకూ ఫ్యాన్లకూ వచ్చే సింగిల్ ఫేజు. ఇల్లున్న సందులోకి వేరే లైను వచ్చే దారి లేదు.

అందుకని ఓబులేసు డ్రైవ్ పెట్టాడు. గోడకు బిగించే చిన్న పెట్టె అది. ఇంటి కరెంటును తీసుకుని మూడు ఫేజులుగా చేసి మోటారుకు ఇస్తుంది. వైర్లు పొందికగా బిగించి మోటారును ఖాళీగా తిప్పితే రివ్వున తిరిగింది. ఖాసింబీ సంతోషంతో కళ్లు కూడా తుడుచుకుంది. తీరా దూది పెట్టేసరికి మోటారు మూలిగి ఆగిపోయింది. డ్రైవ్ మీద ఎర్ర అక్షరాలు వెలిగాయి. దాంట్లో సెట్టింగులన్నీ మార్చి చూశాడు, ఎన్నిసార్లు తిప్పినా అదే వరస.

"ఇంటి కరెంటుకు అంత సత్తా లేదు ఉస్తాద్. డ్రైవ్ కొత్తది. వైరింగు నేనే చేసినా. ఇంగ మోటారంటావా, పోయిన ఏడు నేనే చుట్టినా."

ఉస్తాద్ తలెత్తాడు. "మోటారు విప్పి చూసినావా?"

"నేను చుట్టిందని చెప్తి గదా. దాంట్లో తప్పుండదు."

"పా," అంటూ ఉస్తాద్ చెప్పులేసుకున్నాడు.

వీళ్లు వెళ్లేసరికి ఖాసింబీ మిషను మీది దూదిపోగుల్ని గుడ్డతో తుడుస్తోంది. పాత ఇనుము కొనే అతను సాయంత్రం బండి తెస్తానన్నాడట. పారేసే వస్తువును ఎవరైనా తుడుస్తారా? ఆ చేతుల్ని చూడలేక ఓబులేసు గోడవైపు తిరిగాడు.

"మనిషి పోయినా మిషనుంది లే అనుకుంటి దస్తగిరన్నా," అందామె. "ఇది కూడా పోతే ఒకరింట్లో పనికి పోవాల్సిందే."

ఉస్తాద్ మెయిన్ ఆపాడు. ఆపినా డ్రైవ్ లోపల కాసేపు కరెంటు నిలిచే ఉంటుంది. దాని వెలుగు ఆరాక కూడా కొంతసేపు ఓబులేసును చేయి పెట్టనీయలేదు. తర్వాత మోటారు దింపించి, పక్క మూత తీయించి, లోపలి వైండింగును వెలుతురుకు తిప్పించాడు.

నిజం చెప్పాలంటే ఆ పని అందంగా ఉంది. తీగలన్నీ నూలు టేపుతో కట్టి, వార్నిష్ పోసి, రాయిలా బిగించాడు. మూడు చుట్టల చివరలనూ కలిపి వేసిన ముడి ఆ టేపు కిందెక్కడో ఉంది. అట్లా కట్టడాన్ని స్టార్ అంటారు.

"ఎట్లుండాది?" అన్నాడు ఉస్తాద్.

"బాగుండాది."

"బాగుండాది," ఉస్తాద్ కూడా ఒప్పుకున్నాడు. "ఇది ఇంగొకడు చుట్టిన మోటారనుకో. ఇప్పుడు చూడు."

ఓబులేసు మళ్లీ చూశాడు. చూస్తూ చూస్తూనే అతని మొహం మారిపోయింది.

స్టార్ కట్టిన ఆ మోటారుకు షెడ్డులో వచ్చినట్టు నాలుగు వందల పైచిలుకు వోల్టులు కావాలి. ఇంటి కరెంటు నుంచి ఈ డ్రైవ్ ఇవ్వగలిగేది అందులో సగానికి కాస్త ఎక్కువ. ముడి విప్పి, ఒక చుట్ట చివరను ఇంకో చుట్ట మొదలుకు కలిపి డెల్టా కడితే ఆ కరెంటే చాలు. ఇది ఓబులేసుకు తెలియనిదేం కాదు. వేరేవాళ్ల మోటారు వస్తే మొదట చూసేదే అది.

ఉస్తాద్ కటింగ్ ప్లయర్ తీసి అతని చేతిలో పెట్టాడు.

"కొయ్యాల్నా ఉస్తాద్?" ఓబులేసు గొంతు తగ్గింది. "ఈ ముడి తప్పు కాదు గదా."

"కాదు. ఆ షెడ్డుకు సరిపోయె. షెడ్డు యాడుంది ఇప్పుడు?"

ఓబులేసు టేపు కోశాడు. వార్నిష్ గీకి, చివరల్ని విడదీసి, కొత్త తీగలు అతికాడు. ఆరు కొసలూ మోటారు మీది డబ్బాలోకి తెచ్చి డెల్టా కట్టాడు. తాను కలగాపులగం చేసిన డ్రైవ్ సెట్టింగుల్ని మళ్లీ సరిచేశాడు. ఉస్తాద్ ఒక్క తీగ కూడా ముట్టలేదు. ఖాసింబీ ఇచ్చిన టీ తాగుతూ కూర్చున్నాడు.

ఈలోగా పాత ఇనుము అతను బండి తెచ్చి గుమ్మం ముందు ఆపాడు. "ఎత్తుదామా అక్కా?" అన్నాడు.

"ఉండు నాయనా, కాసేపు," అన్నాడు ఉస్తాద్.

ఓబులేసు మోటారును మిషనుకు బిగించి కరెంటు ఇచ్చాడు. అది మెల్లగా కదిలి వేగం అందుకుంది. ఖాసింబీ గుప్పెడు దూది తీసుకుంది గాని పెట్టడానికి చేయి రాలేదు. ఓబులేసు వైపు చూసింది. అతను తలూపాడు. దూది లోపలికి పోయింది. మోటారు చప్పుడు కాస్త బరువెక్కి, మళ్లీ కుదురుకుంది. అవతలి పక్క నుంచి దూది విచ్చుకుని తెల్లగా రాలింది. ఆమె ఇంకో గుప్పెడు పెట్టింది, తర్వాత రెండు చేతులా పెట్టింది. అట్లా పెడుతూనే ఉంది.

బండి అతను చాలాసేపు చూశాడు. "మా ఇంట్లో రెండు పాత పరుపులుండాయి అక్కా. రేపు తెస్తే ఏకిస్తావా?"

"తే నాయనా," అంది ఖాసింబీ. ఆమె నవ్వడం ఓబులేసు చూడటం అదే మొదటిసారి. "ఇంతకీ ఏం తప్పుండె అబ్బీ ఆ మోటార్లో?"

ఉస్తాద్ గ్లాసు కింద పెట్టి శిష్యుడి వైపు చూశాడు.

"తప్పేం లేదక్కా. బాగనే చుట్టినా," అన్నాడు ఓబులేసు. "అందుకే విప్పబుద్ధి కాలా."

ఇద్దరూ కొట్టు వైపు నడిచారు. కొట్టు తాళం తీస్తూ ఉస్తాద్ అన్నాడు.

"రేపట్నుంచి నేను చుట్టిన మోటార్లు కూడా నువ్వు విప్పి చూడు."