పాదరసం లేని పూత

రసవిద్యలో ఆరితేరిన భీమభట్టుకు శిష్యుల ప్రశ్నలకు వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. కండువా భుజాన వేసుకుని లేచేవాడు. అడిగినవాడు వెంట నడవాల్సిందే.

ఆ ఏడు నది ఒడ్డున కట్టిన కొత్త గుడి కలశాలకు బంగారు పూత పెట్టించే పని ఆయన శిష్యుడు కొమ్మనకు అప్పగించారు. బంగారాన్ని పాదరసంతో కలిపి ముద్దచేసి, రాగికి పూసి నిప్పుల మీద కాస్తే పాదరసం పొగై పోతుంది, బంగారం అంటుకుపోతుంది. ఆ పొగ పీల్చినవాళ్లకు చేతులు వణుకుతాయని ఊరందరికీ తెలుసు. అందుకే కొమ్మన ఒక ఉదయం అడిగాడు: "గురువుగారూ, పనివాళ్ల ముక్కులకు గుడ్డ ఎన్ని మడతలు కట్టిస్తే చాలు?"

భీమభట్టు లేచాడు.

మంచులో నది ఏదో, ఒడ్డు ఏదో తెలియడం లేదు. కొలుముల నుంచి లేచిన పొగ ఆ మంచులో కలిసి, ఎండపొడ తగిలినచోట తేనెరంగులో తేలుతోంది. ఇంత అందమైనదాన్ని చూసి ఎలా భయపడాలో కొమ్మనకు తెలియలేదు. నిద్రలో నడుస్తున్నవాడిలా గురువు వెనక వెళ్లాడు.

వాళ్లు ఆగింది పూతపని చేసే నూకయ్య ఇంటి ముందు. నూకయ్య ఎదురొచ్చి చెంబుతో మంచినీళ్లు ఇచ్చాడు. కొమ్మన చేతికి అందేలోగా సగం ఒలికిపోయాయి.

"నీళ్లకు చలేస్తోంది బాబూ, వణుకుతున్నాయి," అని నవ్వాడు నూకయ్య. ఆయన భార్య నవ్వలేదు. మొగుడు పనిలో ముక్కుకు కట్టుకున్న గుడ్డను దండెం మీంచి తీసి, పక్కకు తిరిగి దులిపింది.

గుడ్డ మడతల్లోంచి సన్నని వెండి చినుకులు నేల మీద రాలాయి. రాలి, దొర్లి, ఒకదానిలో ఒకటి కలిసి మెరిశాయి. ఆ నేల మీదే పాకుతున్న మనవరాలు వాటిని చూసి కిలకిల నవ్వింది. ఒక చినుకు మీద వేలు పెట్టి, ఆ వేలు నోటిదాకా తెచ్చుకుంది.

కొమ్మన ఒక్క ఉదుటున వెళ్లి ఆ చెయ్యి పట్టుకున్నాడు. పిల్ల బెదిరి ఏడ్చింది. ఎత్తుకుని నీళ్లతో ఆ వేలు మళ్లీ మళ్లీ కడిగాడు.

ఇద్దరూ తిరుగుదారి పట్టారు. కొమ్మన మడతల మాట మళ్లీ ఎత్తలేదు. ఆ సాయంత్రమే కొలుములు ఆర్పించాడు. కొన్ని నెలలపాటు అతని కలల్లో వెండి చినుకులు రాలుతూనే ఉన్నాయి. పగలేమో బంగారాన్ని ఊపిరికి ఎగిరేంత పల్చటి రేకుగా సాగగొట్టించి, కాచిన అవిసెనూనె పూసిన రాగి మీద అతికించి చూశాడు. మొదట్లో రేకులు చిరిగాయి, ముడతలు పడ్డాయి, గాలికి లేచిపోయాయి. చివరికి అంటుకున్నాయి. నిప్పు లేదు, పొగ లేదు.

కలశాలు ఎత్తేముందు గుడి అధికారి వచ్చాడు. గోటితో గీకి చూసి మొహం చిట్లించాడు.

"ఆచార్యులవారూ, పాత పూతయితే తరతరాలు నిలిచేది. మీ శిష్యుడి రేకు ఒక్క తరానికే ఊడిపోతుంది. అప్పుడేం చేస్తారు?"

భీమభట్టు కలశం మీద పడిన ఎండను చూశాడు.

"మళ్లీ అతికిస్తారు," అన్నాడు. "అప్పటికి మనుషులుంటారు కదా."