తొమ్మిదో దెబ్బ

కొండ మీద ఒక జలాశయం ఉంది. కొండ కింద ఒక ఊరు ఉంది. రెంటికీ మధ్య వాలు వెంబడి అంకెలు వేసిన ఏడు గదులు, గదికో కాపరి, ఆ ఏడింటినీ కలుపుతూ రెండు తాళ్ళు.

ఒక తాడు లాగితే గదిగదిలోనూ డోలు మోగుతుంది. రెండో తాడు మాట కోసం. దెబ్బ పడినప్పుడు అది బిగిసి ఉంటే దీపం వెలగాలి, వదులుగా ఉంటే ఆరాలి. ఎనిమిది దెబ్బలకి ఎనిమిది దీపాలు. ఆ ఎనిమిదీ కలిసి ఒక గూడు; ప్రతి గది గోడలోనూ అలాంటి గూళ్ళు కొన్ని. తొమ్మిదో దెబ్బకి, కొండ మీంచి పిలిచే మనిషి మాట తాడు వదిలేయాలి. పిలిచిన గది కాపరి దాన్ని ఒక్కసారి లాగాలి. పిలవని కాపరి తాడు ముట్టుకోకూడదు. అది రాజుగారి శాసనం.

పిలిచే పని కొత్తగా ఒక యువతికి వచ్చింది. ఎవరూ నేర్పలేదు. అంతదాకా ఆ పని చేసిన ముసలాయన పక్కన ఏడాది పాటు నేల తుడుస్తూ, చెవులతోనే నేర్చేసుకుంది. ముసలాయన ఇప్పుడు అరుగు మీద కూర్చుని తప్పులు పడుతుంటాడు.

వాన పట్టింది. జలాశయం నిండుతోంది. "తూము తెరిపించు," అన్నాడు రాజు.

ఆమె తూము ఉన్న నాలుగో గదిని పిలిచింది. తూము తెరిచి, రెండో గూట్లో మూడో దీపం వెలిగించమంది. తొమ్మిదో దెబ్బకి తాడు కదిలింది.

"అయిపోయింది, పద," అన్నాడు ముసలాయన.

నీళ్ళు తగ్గలేదు. మళ్ళీ పిలిచింది. మళ్ళీ తాడు కదిలింది. నాలుగుసార్లు పిలిస్తే నాలుగుసార్లూ కదిలింది. నీళ్ళు మాత్రం గట్టు అంచుకి జానెడు దూరంలోకి వచ్చాయి.

"సరేనంటూనే ఊరు ముంచుతున్నాడు, ద్రోహి!" అన్నాడు రాజు. "వాణ్ణి ఈడ్చుకొచ్చి ఆ గట్టు మీంచే తోసేయండి."

"ఒక్క క్షణం ప్రభూ," అందామె. "అతన్ని అడుగుతాను."

ముసలాయన పకపకా నవ్వాడు. "గదులు వినడానికే అమ్మాయ్. అరవై ఏళ్ళు చేశాను, ఒక్కనాడూ ఒక్కణ్ణీ అడగలేదు."

"తెలుస్తూనే ఉంది తాతా."

ఆమె నాలుగో గదిని పిలిచి, రెండో గూడు అంకె చెప్పింది. తాడు చేయి జారనివ్వకుండానే అదే గదిని మళ్ళీ పిలిచి, ఇక నువ్వు చెప్పు అంది. డోలు తనే మోగిస్తూ, ఈసారి కాపరి బిగించాల్సిన మాట తాడు మీద వేలు ఆనించి ఉంచింది. మూడో దెబ్బకి తాడు వదులుగా ఉంది. అంటే మూడో దీపం వెలగలేదు.

"చూశారా, తాడు లాగితే విన్నాడని అర్థం," అందామె. "చేశాడని కాదు."

ఒక్కో గూడూ అడుగుతూ వెళ్ళింది. ఏడో గూడు దగ్గర మొదటి దెబ్బకే తాడు బిగిసింది. గోడ మీద పలకలో ఆ గూటి అర్థం వెతికింది. బూజు తుడిస్తే కనిపించింది: మొదటి దీపం వెలిగితే, తూము గొలుసు తెగినట్టు.

రాజు భటులకి చేయి ఊపాడు. వాళ్ళు పరుగెత్తారు, కాపరి కోసం కాదు, కొత్త గొలుసు కోసం. మధ్యాహ్నానికి తూము తెరుచుకుంది. ఊళ్ళో వాళ్ళు అన్నాలు తిని పడుకున్నారు, వాళ్ళకేమీ తెలియదు.

రాజు నాలుగో గదికి దిగి వెళ్ళాడు. ఏడో గూటి పైకప్పు మసిబారి ఉంది. కాపరి పదకొండు రోజులుగా ఆ దీపంలో నూనె పోస్తున్నాడు.

"ఏరా, నోరు లేదా? చెప్పొద్దూ?"

"అడక్కుండా తాడు ముట్టుకోవద్దన్నది తమరే గదా ప్రభూ. వినమన్నారు, విన్నానన్నాను. చేయని పనికి దీపం వెలిగించి అబద్ధమాడలేను. నిజం ఏడో గూట్లో పెట్టి కూర్చున్నాను."

మర్నాటి నుంచి శాసనం మారింది. పొద్దున్నే ముందు ప్రతి గదినీ అడగాలి, ఆ తర్వాతే చెప్పాలి.

"నీకేం కావాలో కోరుకో," అన్నాడు రాజు ఆమెతో.

"నేనుండే గదికీ ఒక అంకె కావాలి. ఒక గూడు కూడా."

"పిలిచేదానివి, నీకు అంకెందుకే?" అన్నాడు ముసలాయన.

ఆమె నవ్వి, వడ్రంగిని పిలిపించింది. వడ్రంగి ఆమె తలుపు మీద ఎనిమిది అని చెక్కాడు. తాళ్ళు అక్కడిదాకా సాగాయి. మరుసటి ఉదయం ఆమె తాళ్ళు ముసలాయన చేతికిచ్చి, మెట్లు దిగి, తన గదిలోకి వెళ్ళిపోయింది.

ముసలాయన ఏడు గదుల్నీ అడిగాడు. అన్నీ క్షేమమే. ఆగాడు. అటూ ఇటూ చూసి, ఎనిమిదో అంకె పిలిచాడు. తొమ్మిదో దెబ్బకి తాడు కదిలింది. అలవాటు కొద్దీ వదిలేయబోయి, చేయి బిగించి, అడిగాడు.

ఎనిమిది దెబ్బలకీ తాడు బిగిసే ఉంది, ఆమె గూట్లో ఎనిమిది దీపాలూ వెలుగుతున్నాయి.

అర్థం కోసం పలక వైపు తిరిగాడు. ఎనిమిదో గదికి పలక మీద ఒక్క అక్షరమూ లేదు. రాసినవాళ్ళెవరూ లేరు.

అరవై ఏళ్ళలో మొదటిసారి ముసలాయన తాళ్ళు కొక్కేనికి తగిలించి, అర్థం ఆమెనే అడగడానికి మెట్లు దిగసాగాడు.