తాళపత్రాల గదిలో ఆగిన ఫ్యాను

"శ్రద్ధకీ భయానికీ తేడా ఏమిటండీ?" అని హైమవతి అడిగి పదిహేను రోజులైంది. ఆమెకు వైద్యం నేర్పే గురువు పేరయ్యశాస్త్రిగారు జవాబు చెప్పలేదు. ఆయన అలవాటే అంత. ప్రశ్న అడిగినవాళ్ల చేతిలో ఏదో ఒక పని పెడతారు. హైమవతి చేతిలో తాళపత్రాల గది తాళంచెవి పెట్టారు.

బందరులో ఆయన ఇంటి వెనక గది అది. మూడు తరాల వైద్యం అక్కడ తాటాకుల మీద ఉంది, మరో ప్రతి లేదు. ఆ ఉప్పుగాలి ఊళ్లో తాటాకుకు తేమే యముడు. అందుకే గదిలో తేమ పీల్చే మిషను ఒకటి ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది.

దసరా వెళ్లిన మూడోరోజున తుపాను వాన పట్టుకుంది. ఆ మధ్యాహ్నమే మిషనులో ఫ్యాను ఆగిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. మెకానిక్‌కి ఫోన్ చేస్తే, మోటారు పోయుంటుంది, కొత్తది రావడానికి పది రోజులన్నాడు. పది రోజులు! అప్పటికే కొసనున్న కట్ట తాకితే చెమ్మగా తగిలింది. హైమవతి కాలు కాలిన పిల్లిలా గదంతా తిరుగుతూ స్విచ్చి వేసింది, తీసింది, మళ్లీ వేసింది.

గురువుగారు గుమ్మంలో నిలబడి అడిగారు.

"మిషను ఏం చేస్తోందమ్మా?"

"తిరగట్లేదండీ. నా చేతికి రాగానే ఇలా..."

"నీ చేతి సంగతి తరవాత. అది ఏం చేస్తోంది?"

అప్పుడు చెవిపెట్టి విన్నది. సన్నగా గుయ్‌మంటోంది. కరెంటు అందుతోందన్నమాట. తిరగాలని చూస్తోంది, తిరగలేకపోతోంది. ప్లగ్గు పీకి, వెనక గాలి లాక్కునే జాలీ మరలు విప్పి, ఫ్యాను రెక్కను వేలితో తోసింది. కదల్లేదు. టార్చి వేసి చూస్తే ఇరుసు చుట్టూ బిగుసుకుపోయిన ఎర్రదారం, దాంట్లో నలిగిన బంతిరేకులు.

హైమవతి ఆ దారాన్ని గుర్తుపట్టింది. ఆయుధపూజనాడు మిషనుకు బొట్టుపెట్టి, దండ వేసి, జారకుండా జాలీకి దారంతో కట్టింది తనే. తుపాను కబురు విన్నాక, దీనికేమీ కాకూడదని పైన మరో రక్షదారం చుట్టిందీ తనే.

కుట్టుకత్తెరతో పోగుపోగూ కత్తిరించి లాగేసింది. ఈసారి తోస్తే రెక్క తేలిగ్గా రెండు చుట్లు తిరిగింది. ఇంతసేపూ బిగుసుకుని మోటారు కాలిపోయిందేమోనని భయపడుతూనే జాలీ బిగించి ప్లగ్గు పెట్టింది. గుయ్‌మంది. ఒక్క క్షణం ఏమీ లేదు. తరవాత ఫ్యాను అందుకుంది. కాసేపటికి మిషను అడుగున తేమ చేరే తొట్టిలో నీటిబొట్టు పడిన చప్పుడైంది. హైమవతికి ఏడుపొచ్చింది.

అయినా అక్కణ్ణుంచి లేవలేదు. మళ్లీ ఆగుతుందేమోనని నిమిషానికోసారి వెనక జాలీకి అరచెయ్యి ఆనించి చూస్తోంది. ఆనించినప్పుడల్లా ఫ్యాను చప్పుడు బరువెక్కుతోంది. అది విని మరింత భయపడి, మరింత గట్టిగా ఆనిస్తోంది.

శాస్త్రిగారు కొంతసేపు చూసి అన్నారు.

"చెయ్యి తియ్యమ్మా. దానికి గాలి కావాలి."