ఇప్పచెట్టు మీంచి జింకల లెక్క

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా నోట్లో మిగిలిన రెండు పళ్లూ పొద్దు గూకేలోపు రాలిపోవాలి. గోరంతను కొండంత చేసి చెప్పడం నాకు పుట్టినప్పటి నుంచీ చేతకాదు. ఉన్నదున్నట్టు చెబుతున్నా, విను.

ఏనుగుబండ అడవిలో ఒక వాగు. వాగు ఒడ్డున ఒక ఇప్పచెట్టు. ఎంత చెట్టనుకున్నావు, దాని చిటారు కొమ్మన కూర్చున్న కాకులకు పున్నమి పున్నమికీ చందమామ రాసుకుని ఈకలు ఊడేవి. ఆ చెట్టు నడిమి కొమ్మ మీద చిరుతపులి కాపురం. పేరుకే వేటగాడు. వేటకని నాలుగడుగులు వేసినవాడు వాళ్ల వంశంలోనే లేడు. కొమ్మ మీద పడుకోవడం, కిందికొచ్చిన జింక మీద దూకడం, తిని మళ్లీ ఎక్కి పడుకోవడం. అడవంతా అతన్ని చిరుత దొర అనేది. అలా అనిపించేది అతని పంచన బతికే నక్క.

ఆ ఏడు వానలు తగ్గేసరికి దొరకు దిగులు పట్టుకుంది.

"నక్కా, అడవిలో జింకలు అయిపోయాయి."

"అడవిలోనా దొరా, చెట్టు కిందా?"

"నా చెట్టు కింద లేకపోతే ఇంకెక్కడుంటాయిరా? తోడేళ్లు తినేశాయి. రోజూ కొండ మీద ఆ ఊళలేమిటి, అడవంతా తిప్పి ఆ తరుముడేమిటి? వేటంటే చప్పుడు లేకుండా, పెద్దమనిషి తరహాలో, ఉన్నచోటనే ఉండి చెయ్యాలి."

నక్కకు నిజం తెలుసు. తోడేలు ఊళ వినబడితే జింకలు ఒకచోట నిలవవు. ఇవాళ వాగు, రేపు లోయ, ఎల్లుండి గుట్ట. వెయ్యి ఉన్నా ఒక్క చెట్టు మీంచి చూసేవాడికి పది కనబడతాయి. కానీ నక్కకు నిజం కన్నా దొర వదిలేసే తొడ ఎముక రుచి.

"తమరు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు దొరా. పంచాయితీ పెట్టిస్తాను" అన్నాడు.

పంచాయితీకి అడవంతా వచ్చింది. చీమలు కూడా చంకన పిల్లల్నేసుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాయి. నక్క సాక్ష్యానికి పిలిచింది కుంటి లేడి చుక్కమ్మను. జింకల మందలో అందరికన్నా పెద్దది, నోరు అంతకన్నా పెద్దది.

"చుక్కత్తా, ఆ వెనక కాలు ఎందుకలా అయింది?"

"తోడేలు తరిమితే రాళ్లలో పడ్డాను నాయనా."

"మందలో తోడేలు కన్ను ముందు ఎవరి మీద పడుతుంది?"

"నాలాంటి కుంటిదాని మీదే. కాళ్లు బాగున్నవాళ్లు దానికి దొరుకుతారా ఏం?"

"మొదటి మాట రాసుకోండి, రెండోది ముసలితనం" అన్నాడు నక్క. "జింకలు తగ్గాయి, తోడేలు తరిమింది. ఇంక విచారణేముంది?"

జింకల పెద్ద రాయుడు అందరికన్నా ముందు లేచాడు. అతని కొమ్ముల మీద రెండు పిట్టల కుటుంబాలు కోడళ్లతో సహా కాపురముండేవి. "వెలి వెయ్యండి, పీడ వదులుతుంది" అన్నాడు. చుక్కమ్మ కూడా తల ఊపింది. ఇక జన్మలో కాలు చాపుకుని పడుకోవచ్చని దాని ఆశ.

ముసలి ఆడతోడేలు లేచి ఒళ్లు దులుపుకుంది.

"పోతాం లెండి. కొండవతల కుందేళ్లకు కరువు లేదు. చుక్కమ్మ వదినా, నిన్ను తినే యోగం నాకు లేకపోయింది. పడుకునేముందు మాత్రం ఓసారి పైకి చూసుకో."

అలా అని తన తోడేళ్ల మందను వెంటేసుకుని కొండ దాటింది.

ఇక చూడు జింకల వైభోగం. వాగు ఒడ్డునే మేత, అక్కడే నిద్ర, అక్కడే పురుళ్లు. మంద ఎంత కిక్కిరిసిందంటే ఒక జింక తుమ్మితే పక్క జింక ముక్కు తుడుచుకునేది. చిరుత దొర కొమ్మ మీంచి చూసి, "చెప్పానా? తోడేళ్లు పోయాయి, జింకలు పుట్టుకొచ్చాయి" అన్నాడు.

మొట్టమొదట పోయింది రాయుడే. నీళ్లలో తన కొమ్ముల అందం చూసుకుంటుంటే దొర అతని మీదికి దూకాడు. ఊళ లేదు, కేక లేదు. తర్వాత రాయుడి తమ్ముడు. ఆ తర్వాత మందలో నిగనిగలాడే ప్రతివాడూ. ముసలివాళ్ల జోలికి దొర వచ్చేవాడు కాదు. చుక్కమ్మ ఎదురైతే వాసన చూసి మొహం తిప్పుకునేవాడు.

"తినకపోతే పాయె, ఆ మొహం తిప్పుకోవడమేమిటి" అని చుక్కమ్మ నొచ్చుకునేది.

గడ్డి అయిపోయింది. పొదలు అయిపోయాయి. ఆకలికి జింకలు ఇప్పచెట్టు బెరడు గీకి తిన్నాయి. ఎండలు ముదిరేసరికి మొదలు చుట్టూ బెరడన్నది లేదు. ఆ ఏడు చెట్టు పువ్వు పుయ్యలేదు, చిగురు వెయ్యలేదు. దొర అది చూస్తేగా. ఆయన చూపెప్పుడూ కిందికే. తిని తిని ఎనుబోతంత అయ్యాడు. ఆవలిస్తే పొట్ట కొమ్మ మీంచి జారి నేల ఊడ్చేది.

అప్పుడు ఆయన కన్ను చుక్కమ్మ కూతురు మీద పడింది. అది నిండుచూలుతో సరిగ్గా చెట్టు కిందే పడుకుని ఉంది.

"లేవే అమ్మీ, గుట్ట మీదికి పోదాం. వాడు నిన్నే చూస్తున్నాడు."

"కాళ్లు పీకుతున్నాయమ్మా. అందరూ ఇక్కడే ఉన్నారు. తరిమేవాళ్లు కూడా లేరుగా."

"అదేనే మనకొచ్చిన చావు."

ఎంత మొత్తుకున్నా ఒక్క జింకా కదల్లేదు. పరుగన్నదే మరిచిపోయారు. చుక్కమ్మ కుంటుకుంటూ ఒక్కతే కొండెక్కింది. సగం దారి మబ్బుల్ని భుజంతో తోసుకుంటూ పోవాల్సొచ్చింది పాపం.

"ఏం వదినా, నా నోటికి నువ్వే నడిచొచ్చావు?" అంది ఆడతోడేలు.

"నిన్ను పిలుద్దామని వచ్చాను. మళ్లీ మా అడవికి రా."

"వస్తే ఊరికే ఉండను. మొదట పట్టేది కుంటిదాన్నే. నీకు తెలియంది కాదు."

"పట్టుకో, చేతనైతే. కానీ ఎప్పట్లాగే ముందు ఊళ వేసి రా. నీ ఊళకు కాళ్లున్నవాళ్లు బతుకుతారు. ఆ కొమ్మ మీది పెద్దమనిషి నిశ్శబ్దానికి ఎవరూ బతకడం లేదు. నా కూతురి ప్రాణం ఇవాళో రేపో అన్నట్టుంది."

"బాగానే ఉంది. మమ్మల్ని చూస్తే మీ దొర మళ్లీ పంచాయితీ పెట్టడూ?"

"ఆయన్ని చెట్టు దించే పూచీ నాది. ఎండుకర్ర విరిగిన చప్పుడు కాగానే ఊళ వెయ్యి."

చుక్కమ్మ తిరిగొచ్చేసరికి దొర దాని కూతురి మీదికి దూకబోతూ వెనక కాళ్లు సర్దుకుంటున్నాడు. నక్క తొడ ఎముక కోసం చెట్టు కింద చోటు చూసుకుంటున్నాడు. చుక్కమ్మ గొంతు సవరించుకుంది.

"దొరా, తమ లెక్క తప్పిందంటున్నారు."

దొర ఆగిపోయాడు. తిండి ఆపొచ్చు కానీ ఆ మాట మింగలేడు. "ఎవడు వాడు?"

"ఎవరైతేనేం. తమ కొమ్మ మొదట్లోంచి చూస్తే ఈ పక్క జింకలే కనబడతాయట. కొమ్మ చివరికి జరిగితే వాగు మలుపులో ఇంతకు పదింతలు ఉన్నాయి. ఆ కొమ్ములూ, ఆ కండలూ, ఏం చెప్పను."

"నాకు తెలియకుండా నా అడవిలో జింకలా?" అని దొర ఒక జానెడు జరిగాడు.

"ఇంకాస్త దొరా. ఆ పొట్టను కూడా తెచ్చుకోండి."

దొర ఇంకో మూర జరిగాడు. ఎండిన కొమ్మ ఫెళ్లుమంది. ఆ చప్పుడుకు మూడు జిల్లాల్లో కోళ్లు గుడ్లు పెట్టేశాయి. దొర వచ్చి నక్క తోక మీద పడ్డాడు. ఆ తోక ఈనాటికీ అప్పడంలానే ఉంది.

అదే క్షణాన కొండ మీద ఊళ లేచింది. ఎన్నాళ్లకో విన్న ఊళ. జింకల బుర్ర ఇంకా ఆలోచిస్తుండగానే కాళ్లు లేచాయి. నిండుచూలు కూతురు అందరికన్నా ముందు గుట్టెక్కింది. కాళ్లు పీకుతున్నాయన్న మాట మళ్లీ ఎత్తలేదు.

తోడేళ్లు వాగు దగ్గరికొచ్చేసరికి కదలకుండా మిగిలింది దొర ఒక్కడే.

"నక్కా, పంచాయితీ పిలువు" అన్నాడు రొప్పుతూ.

"చిరుతే అడవికి శత్రువని నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను తోడేలు పిన్నీ" అన్నాడు నక్క, తోక ఊడలాక్కుంటూ.

తోడేళ్లు తరిమితే దొర పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పరిగెత్తాడు. అలా పోయి పోయి అడవే లేని చోట తేలాడు. ఎక్కడానికి తుమ్మచెట్టు తప్ప ఏమీ లేదక్కడ.

వానలకు గడ్డి లేచింది. ఇప్పచెట్టు మొదట్లో పిలకలు వచ్చాయి, జింకలు అక్కడ ఎక్కువసేపు నిలవకపోయేసరికి అవి కాస్త ఎదిగాయి. తోడేళ్లు ఏటా కొన్ని జింకల్ని తిన్నాయి, అందులో దాపరికమేముంది. చుక్కమ్మను మాత్రం రోజూ తరిమేవి. "ఇవాళ దొరికావు వదినా" అని ఆడతోడేలు, "రేపు చూద్దాంలే వదినా" అని చుక్కమ్మ. మనవరాలు కూడా అమ్మమ్మ నడక చూసి పరుగు నేర్చుకుంది, అందుకే ఆ మందలో సగం ఇప్పటికీ కుంటుతూ పరిగెడతాయి.

తన చెట్టు కింద కనబడిందే అడవి అనుకున్నవాడికి అడవీ దక్కదు, చెట్టూ దక్కదు.

విన్నావుగా. ఇక లేచి పెరట్లోకి వెళ్లు. కథ మొదలెట్టినప్పటి నుంచీ ఆ మేక మన పొట్లపాదు మేస్తూనే ఉంది. దానికి తోడేలు లేదు మరి, నువ్వే తోలాలి.