అరాచకమన్న మంత్రసాని

ఏటి ఒడ్డున కువలయపురమని ఒక చిన్న రాజ్యం ఉండేది. దాన్ని ఏలే ఉద్దండవర్మకు తన బిరుదులు వినడమంటే మహా ఇష్టం. సభ మొదలు కావాలంటే ముందు పాతిక బిరుదులు చదవాలి. ఒక్కటి తప్పినా మళ్ళీ మొదటినుంచి చదవాల్సిందే.

ఒకనాడు ఆ సభకు నూకాలు అనే మంత్రసానిని చేతులు కట్టి తీసుకొచ్చారు.

జరిగిందేమిటంటే, అవతలి ఒడ్డున ఒక ఇల్లాలికి నొప్పులు మొదలయ్యాయని కబురొస్తే నూకాలు పరుగున రేవుకు వచ్చింది. రాజుగారి ఊయల పండుగ దగ్గరపడింది. రేవు అధికారి పడవలన్నీ పట్టుకుని పూలబుట్టలు మోయిస్తున్నాడు. నూకాలు కాళ్ళావేళ్ళా పడ్డా ఎక్కనివ్వలేదు. పొద్దు వాలేదాకా నిలబెట్టారు. చివరికి ఆమె ఓపిక నశించి, "అరాచకం! ఈ రేవంతా అరాచకం!" అని అరిచింది.

ఆస్థాన పండితుడు శేషాచల శాస్త్రి ఆ మాట పట్టుకున్నాడు.

"ప్రభూ, ఈ మాట పుట్టుక చిత్తగించండి. దీని అసలు రూపం అరాజకం. అంటే రాజు లేకపోవడం. రాజబాట రాచబాట అయినట్టే, అరాజకం జనం నోట నలిగి అరాచకమైంది. ప్రభువులు లేరని ఈమె నడిరేవులో చాటింది. ఇది రాజద్రోహం!"

రాజు ముఖం కందగడ్డలా అయింది. "మేముండగా లేమంటుందా? నాలుక కోయించండి!"

"మారాజా, ఆ అర్థాలు నాకేం తెలుసు?" అంది నూకాలు. "అంతా అస్తవ్యస్తంగా ఉంటే నలుగురూ అనే మాటే అన్నాను."

అప్పుడు మాచన లేచాడు. ఆ సభలో నవ్వించి బతికేవాడు. అతని ముగ్గురు పిల్లలకూ బొడ్డు కోసింది నూకాలే.

"ప్రభూ, ఈమె తరఫున రెండు మాటలు."

"మాట్లాడు. నెగ్గకపోతే నీ నాలుకా పోతుంది."

మాచన లేచాడే గాని, అతని దగ్గర ఉపాయమేదీ లేదు. కాస్త వ్యవధి దొరుకుతుందని, "శాస్త్రులవారూ, ఆ అర్థం మరొక్కసారి సెలవివ్వండి" అన్నాడు.

"రాజు లేని చోటు అరాచకం. ఇంతకన్నా ఏం చెప్పను?" అని విసుక్కున్నాడు శాస్త్రి.

'చోటు' అన్న మాట దగ్గర మాచన మనసు ఆగింది. రాజువైపు తిరిగాడు.

"ప్రభూ, ఆనాడు తమరు రేవులో ఉన్నారా?"

"మేమా! ఆ బురదలోనా! మా పాదం ఎన్నడూ అక్కడ మోపలేదు."

"అయితే రాజు లేని చోటును అరాచకమన్న ఈమె మాట నిజమా, అబద్ధమా?"

శాస్త్రి గబుక్కున లేచాడు. "ఇది కుతర్కం! రాజు స్వయంగా లేకపోతేనేం? ఆయన ఆజ్ఞ ఉన్నచోట రాజు ఉన్నట్టే!"

"మంచిది. మరి నొప్పులు పడే ఇల్లాలిని వదిలేసి పూలబుట్టలు దాటించినది ప్రభువుల ఆజ్ఞేనా?"

శాస్త్రి లేచినంత వేగంగానే కూలబడ్డాడు. రాజు వేళ్ళతో సింహాసనం అంచు పట్టుకుని కూర్చున్నాడు. మాచన భుజాలు వణికాయి. హద్దు మీరాననుకున్నాడు. నూకాలు కళ్ళు గట్టిగా మూసుకుంది.

రాజు నూకాలువైపు తిరిగి అడిగాడు. "ఆ ఇల్లాలు ఏమైంది?"

"చీకటిపడ్డాకే పడవ ఎక్కనిచ్చారు. నేను వెళ్ళేసరికి తెలివి తప్పి ఉంది, మారాజా. రెండు రోజులు పోరాడాను. తల్లీ పిల్లా దక్కారు."

రాజు ఊపిరి వదిలాడు. పెదవి కొనన నవ్వు మొదలై పెద్దదైంది. "ఉన్నామంటే పాపం మాది, లేమంటే నిజం ఆమెది! బాగా ఇరికించావయ్యా మాచనా!"

నూకాలు కట్లు విప్పించాడు. మంత్రసానుల కోసం రేవులో ఎప్పుడూ ఒక పడవ విడిగా ఉంచాలని ఆజ్ఞాపించాడు. తన శాలువా తీసి మాచనకు కప్పాడు.

"ఇంకా వణుకుతున్నావేం?"

"నాలుక దక్కిందన్న కబురు భుజాలకింకా అందలేదు, ప్రభూ."

రాజు మరింత గట్టిగా నవ్వి, ఆ భుజాల మీద చెయ్యి వేశాడు.